చైనా మూలికల పొట్లం చేతికొచ్చాక ఏం చేయాలి?

చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గర మందు రాయించుకుంటే చాలాసార్లు మాత్రలు కాదు, కాగితపు పొట్లాలు ఇస్తారు. వారానికి ఏడు. ఒకటి విప్పి చూస్తే వేళ్ల ముక్కలు, బెరడు, ఎండు పూలు, గింజలు, ఒక్కోసారి ఆల్చిప్పల పెంకులు, రాతి పలుకులు కూడా కనిపిస్తాయి. అన్నిటినీ ఒక్కసారే గిన్నెలో పోసి, మన ఇళ్లలో కషాయం కాచినట్టు నాలుగో వంతు మిగిలేదాకా మరిగించడం తెలుగువాళ్లు మొదట చేసే పొరపాటు. మన కషాయంలో ఎన్ని నీళ్లు మిగిలాయో చూస్తాం. చైనా కషాయంలో ముందు చూడాల్సింది గడియారం. ఏ మూలిక ఎప్పుడు గిన్నెలో పడింది, మరుగు వచ్చాక ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి అదే పొట్లం మందు కావచ్చు, ఉత్త చేదునీళ్లు కావచ్చు, కొన్ని మూలికలతోనైతే విషమే కావచ్చు.

సింగపూర్, మలేషియా, హాంగ్‌కాంగ్‌లలో ఉండేవాళ్లకు, చైనాలో వైద్యం చదివే మన పిల్లలకు ఈ పొట్లాలు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి. రాసిచ్చిన మందును సరిగ్గా కాచి వాడుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఏ జబ్బుకు ఏ మూలిక అన్నది సొంతంగా తేల్చుకునే పని మాత్రం పెట్టుకోకండి. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు, ఆగని జ్వరం లాంటివాటికి పొట్లాల జోలికే పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కొట్టులోనే అడగాల్సినవి

ముందుగా వైద్యుడికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. సింగపూర్‌లో, హాంగ్‌కాంగ్‌లో చైనా వైద్యులకు ప్రభుత్వ రిజిస్టర్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటికీ ఒకటే రిజిస్టర్. పేరు కొట్టి వెతకడానికి రెండు నిమిషాలు చాలు.

తర్వాత చీటీ. మూలిక పేరు, దాని పక్కన బరువు, కొన్నిటి పక్కన రెండక్షరాల సూచన ఉంటాయి. ఆ చిన్న సూచనే అసలు సంగతి. షియెన్‌జియెన్ అంటే ముందుగా కాచాల్సింది. హౌషియా అంటే చివర్లో వేయాల్సింది. బావ్‌జియెన్ అంటే గుడ్డలో మూటగట్టి వేయాల్సింది. లింగ్‌జియెన్ అంటే విడిగా కాచాల్సింది. యాంగ్‌హువా అంటే వేడి కషాయంలో కరిగించాల్సింది. చోంగ్‌ఫు అంటే కాచకుండా పొడిగానే కలుపుకుని తాగాల్సింది. చైనా లిపి చదవలేకపోతే, ఇలాంటివాటిని చిన్న పొట్లాలుగా విడదీసి, ఒక్కోదాని మీద ఇంగ్లీషులో సూచన రాయమని కొట్టులో అడగండి. అలా ఇవ్వడం వాళ్లకు మామూలే. అడగకపోతే కొందరు అన్నీ కలిపేసి కట్టిస్తారు.

గింజలుంటే దంచి ఇమ్మనండి. నిద్రకు వాడే సువాన్‌జావ్‌రెన్ అనే పుల్లరేగు గింజను దంచకుండా వేస్తే గట్టి పెంకు దాటి లోపలి సారం బయటికి రాదు. అలాగని నెలకు సరిపడా ఒకేసారి దంచి పెట్టుకోకూడదు. గింజల్లో నూనె ఉంటుంది, మక్కు వాసన వచ్చేస్తుంది.

బరువుల దగ్గర ఒక చిక్కుంది. మన తులం ఒక చోట 10 గ్రాములు, ఇంకో చోట 11.66 గ్రాములు అయినట్టే వాళ్ల చియెన్, లియాంగ్ కూడా ఊరూరా మారతాయి. మందుల చీటీలో 1 చియెన్ అంటే చైనాలో 3 గ్రాముల లెక్క. తైవాన్‌లో 3.75, హాంగ్‌కాంగ్‌లో దాదాపు 3.8 గ్రాములు. లియాంగ్‌తో ఇంకా గందరగోళం. చైనా బజారులో ఇప్పుడు అది 50 గ్రాములు, హాంగ్‌కాంగ్‌లో 37.8 గ్రాములు. పాత చీటీ పట్టుకుని వేరే దేశంలో కొనేటప్పుడు బరువులు గ్రాముల్లోకి మార్పించుకోండి.

సరుకును కూడా వాసన చూసి, కంటితో చూసి తీసుకోవాలి. గోజీ పండ్లు మరీ ఎర్రగా నిగనిగలాడుతున్నా, వేళ్ల ముక్కలు సున్నం వేసినంత తెల్లగా ఉన్నా, ముక్కుకు పుల్లటి ఘాటు తగిలినా గంధకం పొగ పట్టించారని అనుమానించాలి. మంచి సరుకు కాస్త మాసినట్టే ఉంటుంది.

గిన్నె, నీళ్లు, నానబెట్టడం

మట్టిపాత్ర మేలు. అది దొరక్కపోతే ఎనామిల్, గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు వాడుకోవచ్చు. ఇనుప మూకుడు, రాగి చెంబు, అల్యూమినియం గిన్నె పనికిరావు. మూలికల్లోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి కషాయాన్ని నల్లగా మార్చేస్తాయి. చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెలో పెట్టొద్దని పెద్దలు అనేదీ ఇలాంటి కారణంతోనే. నాన్‌స్టిక్ గిన్నె కూడా వద్దు, పెంకులూ రాళ్లూ పూతను గీకేస్తాయి.

కొత్త మట్టిపాత్రయితే మన కూర కుండకు చేసినట్టే ఒక రాత్రంతా నీళ్లలో ఉంచి, మర్నాడు గంజినీళ్లు పోసి సన్న సెగ మీద కాచండి. గంజి సన్నటి రంధ్రాలను పూడుస్తుంది. పొయ్యి మీంచి దించిన కుండను తడి గ్రానైటు గట్టు మీద పెడితే పగులుతుంది, కింద గుడ్డ వేయండి. ఇండక్షన్ పొయ్యి మీద మట్టిపాత్ర వేడెక్కదని వేరే చెప్పనక్కర్లేదు.

మూలికలను బియ్యంలా రెండు మూడు సార్లు కడగొద్దు. అవి ముందే శుభ్రం చేసి, పలుచగా తరిగి, ఆరబెట్టినవి. కడిగితే పైపొడి, నీళ్లలో కరిగే సారం బయటికి పోతాయి. దుమ్ము కనిపిస్తే ఒక్కసారి నీళ్లలో జాడించి వంచేస్తే చాలు.

నానబెట్టేది చన్నీళ్లలోనే, కనీసం 30 నిమిషాలు. గట్టి వేళ్లు, గింజలు ఎక్కువగా ఉంటే గంట. మరిగే నీళ్లు పోస్తే ముక్క పైపొరలోని పిండి, మాంసకృత్తులు గడ్డకట్టి తలుపు మూసినట్టవుతుంది. నీళ్ల లెక్క సుమారుగా గ్రాము మూలికకు 10 మిల్లీలీటర్లు. పొట్లం 100 గ్రాములుంటే మొత్తం లీటరు నీళ్లు. మొదటి కాపుకు 700, రెండోదానికి 300. నానిన తర్వాత కూడా మూలికల మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలవాలి. పూలు, ఆకులు ఎక్కువుంటే నీళ్లు ఇట్టే పీల్చేస్తాయి కాబట్టి ఇంకో గ్లాసు పోయండి.

ఏది ముందు, ఏది వెనక

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

ముందుగా కాచాల్సినవి రెండు రకాలు. మొదటివి రాళ్లు, పెంకులు. షిగావ్ అనే జిప్సం, మూలీ అనే ఆల్చిప్ప పెంకు లాంటివి. వాటి సారం మెల్లగా దిగుతుంది కాబట్టి పలుకులుగా కొట్టించుకుని, మరుగు వచ్చాక 10 నుంచి 15 నిమిషాలు ముందుగా కాయాలి. వీటికి టైము తగ్గితే మందు పలుచబడుతుందే తప్ప ప్రమాదమేం లేదు.

రెండో రకం అలా కాదు. ఫూజ్, చువాన్‌వూ, ట్సావ్‌వూ అనేవి మన వత్సనాభి కుటుంబపు దుంపలు. వాటిలోని అకోనిటిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. ఎక్కువసేపు వేడి తగిలితే ఆ విషం విడిపోయి బాగా బలహీనపడుతుంది. అందుకే శుద్ధి చేసి అమ్మే ఫూజ్‌ను కూడా మిగతా మూలికలు వేయకముందే 30 నుంచి 60 నిమిషాలు కాయమంటారు. మోతాదు ఎక్కువైతే ఇంకా ఎక్కువసేపు, వైద్యుడు ఎంత రాస్తే అంత. నాలుక మీద వేస్తే తిమ్మిరెక్కకుండా పోయేదాకా కాయాలని పాత గుర్తు ఒకటుంది గానీ, విషాన్ని నాలుకతో పరీక్షించే పని మీరు పెట్టుకోకండి, గడియారాన్నే నమ్మండి. మధ్యలో నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయాలి. శుద్ధి చేయని పచ్చి దుంప ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఈ దుంపలను సారాలో నానబెట్టి కీళ్లనొప్పులకు తాగేవాళ్లున్నారు. పైపూతకు వాడేదాన్ని పొరపాటున తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

చివర్లో వేయాల్సినవి సువాసన ఉన్నవి. బోహ అంటే పుదీనా జాతి ఆకు. దాని నూనె ఆవిరితోనే పోతుంది కాబట్టి దించడానికి 5 నుంచి 10 నిమిషాల ముందు వేసి మూత పెట్టాలి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే మందు గిన్నెలోంచి గాల్లోకి పోతోందన్నమాట. దాహువాంగ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పచారీ కొట్లో మనం రేవల్చిన్ని అనేది దాని చుట్టమే, పేరు చివరి చిన్ని చీనా దేశమే. దాన్ని చివర్లో వేస్తే విరేచనాలు గట్టిగా అవుతాయి. మొదటినుంచీ కాస్తే ఆ గుణం తగ్గిపోతుంది. వైద్యుడు ఏ ఫలితం కోరి రాశాడో మీకు తెలియదు కాబట్టి చీటీలో ఉన్నట్టే వేయండి.

వేడికి అన్ని మూలికలూ ఒకేలా స్పందించవని చెప్పడానికి పెద్ద ఉదాహరణ చింగ్‌హావ్. మలేరియా మందు కోసం చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం దాన్ని మామూలుగా కాచినప్పుడు నిలకడైన ఫలితం రాలేదు. కాచకుండా నీళ్లలో నానబెట్టి రసం పిండమన్న పాత వైద్యగ్రంథపు మాట ఆధారంగా తక్కువ వేడితో సారం తీశాకే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందుకు దారి దొరికింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది దీనికే.

మూటగట్టాల్సినవి మరీ సన్న గింజలు, నూగున్న పూలు. చచియెన్‌జ్ మన ఇసబ్‌గోల్‌కు దగ్గరి చుట్టం, జిగురుకట్టి గిన్నెకు అడుగంటుతుంది. షువాన్‌ఫుహువా పువ్వు నూగు కషాయంలో తేలి గొంతులో గుచ్చుకుని దగ్గు తెప్పిస్తుంది. దగ్గుకని తాగితే దగ్గే ఎక్కువైందని కంగారుపడేవాళ్లు చాలామంది ఈ మూట కట్టనివాళ్లే. పలుచని నూలు గుడ్డలో వదులుగా కట్టండి, గింజ ఉబ్బడానికి చోటుండాలి.

జిన్‌సెంగ్ ఖరీదైనది కాబట్టి పలుచని బిళ్లలుగా కోసి విడిగా, సన్న సెగ మీద గంటన్నర, రెండు గంటలు కాచి, ఆ రసాన్ని తర్వాత కలుపుతారు. అన్నిటితో కలిపి వేస్తే దాని సారం కొంత మిగతా వేళ్లు పీల్చుకుంటాయి. గాడిద చర్మంతో చేసే అజియావ్ బంక లాంటిది, వడకట్టిన వేడి కషాయంలో కరిగించాలి. కుండలో పడేస్తే అడుగంటి అంతా పాడవుతుంది. రేగుపండ్లు, అంటే హోంగ్‌జావ్, రాస్తే చీల్చి వేయండి.

పొయ్యి మీద

చైనావాళ్లు మంటకు రెండు పేర్లు పెట్టారు. పెద్దమంట వూహువో, అంటే యోధుడి మంట. సన్న సెగ వెన్‌హువో, అంటే చదువుకున్నవాడి మంట. మరుగు వచ్చేదాకా యోధుడు, వచ్చాక పండితుడు. టైము లెక్క మరుగు వచ్చిన క్షణం నుంచే మొదలవుతుంది, పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు.

మామూలు పొట్లానికి మరుగు వచ్చాక 20 నుంచి 30 నిమిషాలు. జలుబు, జ్వరాలకు రాసేవి 15 నుంచి 20 నిమిషాలే, వాటిలో సువాసన మూలికలెక్కువ. బలానికి రాసేవి 40 నుంచి 60 నిమిషాలు. మధ్యలో రెండు మూడు సార్లు చెక్క గరిటెతో కలపండి. మాటిమాటికీ మూత తీయొద్దు.

ఒక లెక్క చూడండి. పొట్లంలో జిప్సం, నాలుగైదు వేళ్లు, చివరన బోహ ఉన్నాయనుకోండి. సాయంత్రం 6:30కి వేళ్లను 450 మిల్లీలీటర్ల చన్నీళ్లలో నానబెట్టండి. 6:45కి కుండలో జిప్సం, 250 మిల్లీలీటర్ల నీళ్లతో పొయ్యి మీద పెట్టండి. 6:50కి మరుగు వస్తే 7:05 దాకా సన్న సెగ. అప్పుడు నానిన వేళ్లను ఆ నీళ్లతో సహా కుండలో పోసి మంట పెంచండి. నానిన నీళ్లు పారబోయకూడదు, సారం అందులోకి అప్పటికే దిగింది. 7:15కి మళ్లీ మరుగు వచ్చిందంటే సెగ తగ్గించండి. 7:30కి బోహ, మూత. 7:35కి దించి వేడిగా ఉన్నప్పుడే వడకట్టండి. చల్లారేదాకా వదిలేస్తే దిగిన సారాన్ని పిప్పి తిరిగి పీల్చుకుంటుంది.

పిప్పిని గరిటెతో నొక్కి పిండాలి. తర్వాత అదే పిప్పిలో 300 మిల్లీలీటర్లు పోసి, మరుగు వచ్చాక 15 నుంచి 20 నిమిషాలు రెండో కాపు. రెండు కాపుల నీళ్లనూ కలిపేసి రెండు సమ భాగాలు చేయాలి, పొద్దున సగం, సాయంత్రం సగం. మొదటి కాపు పొద్దున, రెండో కాపు సాయంత్రం తాగితే ఒక పూట చిక్కగా, ఒక పూట పలుచగా పడుతుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం 400 నుంచి 600 మిల్లీలీటర్లు, పిల్లలకు 100 నుంచి 300 రావాలి. ఎక్కువొస్తే వడకట్టాక మూత తీసి కాసేపు మరిగించండి గానీ మూలికలతో కలిపి కాదు.

అడుగంటి మాడితే మొత్తం పారబోయండి. నీళ్లు కలిపి మళ్లీ కాచడం డబ్బు మిగిల్చినట్టు కనిపిస్తుందంతే, మాడినది మందు కాదు. ప్రెషర్ కుక్కర్ వద్దు. చివర్లో వేయాల్సినది ఎప్పుడు వేస్తారు, మూత తెరవకుండా?

తాగడం, దాచడం

గోరువెచ్చగా, భోజనానికి గంట ముందో గంట తర్వాతో తాగాలి. కడుపులో మండితే తిన్నాక. నిద్రకు రాసినది పడుకునే ముందు. తాగేముందు అడుగున పేరుకున్నది కలిసేలా కదపండి, ఆ మట్టిలాంటిది కూడా మందే. కాఫీ, టీ, పాలకు గంట ఎడం ఉంచండి. చేదుకు పంచదార కలపాలనిపిస్తే వైద్యుణ్ణి అడిగి కలపండి. ఏడాది లోపు పిల్లలకు తేనె వేయకూడదు.

జలుబుకు ఇచ్చే గుయ్‌జ్ కషాయానికి ప్రాచీన వైద్యుడు చాంగ్ చోంగ్‌చింగ్ చెప్పిన పద్ధతి మనకు బాగా అర్థమవుతుంది. కషాయం తాగిన కాసేపటికి వేడివేడి పలుచని గంజి తాగి, దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఒంటికి సన్నగా చెమట పట్టాలి, నీళ్లు కారినట్టు మాత్రం కాకూడదు. చెమట పట్టి తగ్గితే మిగిలిన మోతాదు ఆపేయాలి.

పథ్యం కూడా ఉంటుంది. చల్లనివి, పచ్చివి, నూనె వంటలు తగ్గించమంటారు. జిన్‌సెంగ్ తాగే రోజుల్లో ముల్లంగి వద్దంటారు, అది సంప్రదాయం మాట.

కషాయం ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్కరోజులో అయిపోవాలి. ఆసుపత్రిలో మిషన్ మీద కాచి సంచుల్లో సీలు వేసిచ్చినవి వాళ్లు చెప్పినన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంటాయి. సంచి ఉబ్బితే విప్పకుండానే పారేయండి. వేడిచేయాలంటే సంచినే వేడినీళ్లలో పెట్టండి.

ఇంగ్లీషు మందులు వాడుతుంటే

రెండు మందుల మధ్య గంటో రెండు గంటలో ఎడం పెడితే సరిపోతుందనుకోవడం పెద్ద అపోహ. రక్తం పలుచబడటానికి వార్‌ఫరిన్ వాడేవాళ్లు దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే వేళ్ల కషాయం తాగితే ఎంత ఎడం ఉన్నా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గన్‌ట్సావ్, అంటే అతిమధురం, వారాల తరబడి తాగితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. నీరు పోవడానికి బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు ఇది రెండింతల దెబ్బ. మాహువాంగ్‌లో ఎఫిడ్రిన్ ఉంటుంది, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. గర్భిణులకు హోంగ్‌హువా, అంటే మన కుసుమ పువ్వు, కూడదు. మీరు వేసుకునే మాత్రల పేర్లు కాగితం మీద రాసి చైనా వైద్యుడికి, పొట్లంలో ఉన్నవాటి పేర్లు మీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి.

తెల్లజుట్టు నల్లబడుతుందని ఆన్‌లైన్‌లో అమ్మే హశోవు లివరును దెబ్బతీసిన కేసులున్నాయి. అరిస్టోలోకియా జాతి మూలికలు కిడ్నీలను కోలుకోలేనంతగా పాడుచేస్తాయి, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తాయి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల బిళ్లలు వాడిన చాలామంది మహిళలకు కిడ్నీలు పోయాయి. ఫాంగ్‌జీ అనే మూలిక బదులు గువాంగ్‌ఫాంగ్‌జీ చేరడమే కారణం. పేరులో ఒక్క మాట తేడా. మన ఈశ్వరి వేరు, గాడిదగడపర కూడా ఆ జాతివేనని గుర్తుంచుకోండి. రెండు రోజుల్లో నొప్పులు మాయం చేసే పేరు లేని నల్ల మాత్రల్లో స్టెరాయిడ్ దొరకడం, మన నాటుమందుల్లో లాగే, అక్కడా కొత్త కాదు.

పెదవులు, నాలుక తిమ్మిరెక్కినా, గుండె దడదడలాడినా, కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. బలానికిచ్చే మూలికల్లో దీహువాంగ్ లాంటివాటితో మొదటి రోజుల్లో కాస్త విరేచనం కావచ్చు, కడుపు ఉబ్బొచ్చు. రెండు రోజులకు మించితే వైద్యుడికి చెప్పి మార్పించుకోండి.

ఇంటికొచ్చాక సరుకు అయిపోతే

హైదరాబాదులోనో విజయవాడలోనో పచారీ కొట్టు సరుకుతో భర్తీ చేయొచ్చా అని అడుగుతుంటారు. షెంగ్‌జియాంగ్ మన పచ్చి అల్లమే, గన్‌జియాంగ్ శొంఠికి సమానం. గన్‌ట్సావ్ బదులు అతిమధురం సరిపోతుంది. గుయ్‌జ్ మాత్రం దాల్చిన చెక్క కాదు, ఆ చెట్టు లేత కొమ్మ. చెక్క వేస్తే ఘాటు మారిపోతుంది. చెన్‌పీ అంటే నిలవచేసిన కమలా జాతి తొక్క, నిన్న తిన్న బత్తాయి తొక్క కాదు. మిగిలిన వేటికీ మార్పిడి ప్రయత్నించకండి. జంతువుల భాగాలున్న మందులైతే సూట్‌కేసులో పెట్టుకోనే వద్దు. అలుగు పెంకులు, సైగా అనే జింక కొమ్ము లాంటివి కస్టమ్స్‌లో దొరికితే అది మందు కేసు కాదు, వన్యప్రాణి కేసు.

కాచే ఓపిక లేనివాళ్లకు రేణువుల పొడులున్నాయి. తైవాన్‌లో ఆరోగ్య బీమా కింద ఎక్కువగా ఇచ్చేవి అవే. ఒక మోతాదును 100 నుంచి 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో వేసి, ఉండలు లేకుండా కలిపి, ఐదు నిమిషాలు మూతపెట్టి తాగడమే. డబ్బా మూత తీసి ఉంచితే తేమ పీల్చి రాయిలా గడ్డకడతాయి. తడి చెంచా పెట్టొద్దు.

చివరగా పిప్పి. మనవాళ్లు దిష్టి తీసినవి కూడలిలో పడేసినట్టే, చైనాలో కొన్నిచోట్ల మందు పిప్పిని దారిలో పోసే అలవాటుండేది, నడిచేవాళ్లు రోగాన్ని తొక్కుకుంటూ తీసుకుపోతారని. మీరు మాత్రం ఆ రోజు పిప్పిని ఒక కవరులో వేసి మర్నాటిదాకా ఫ్రిజ్ మూలన ఉంచండి, చీటీ ఫోటో ఫోనులో ఉంచండి. రాత్రి తేడా చేసి ఆసుపత్రికి వెళ్తే, ఏం తాగారో డాక్టర్లు తేల్చుకోవడానికి ఆ రెండే ఆధారం.